నడుము పొడిగించిన ఓడ

పాతబడిన ఉక్కు ఓడను డ్రైడాకులోనికి తెచ్చి, నడుమ కోసి, రెండు సగములను ఎడముగా జరిపి, ఆ ఎడములో క్రొత్త భాగము నొకదానిని నిలిపి అతికినచో, బయటికి వచ్చునది ఆ పాత ఓడయేనా, లేక వేఱొక ఓడయా? ఈ ప్రశ్న కొందఱికి వేళాకోళముగ తోచవచ్చును. శతకములను గూర్చియు, కూచిపూడి భాగవతులను గూర్చియు విద్వాంసులు వ్రాయు పుటల ప్రక్కన ఇనుపరేకుల ముచ్చట యేల యని పాఠక మహాశయులు అనుకొనవచ్చును. మేము విద్వాంసులము కాము. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి, ముంబయి రేవు ప్రక్కన ఓడలను మరమ్మతు చేయు ఒక కార్ఖానాలో 36 ఏండ్లు గుమాస్తాపని చేసి విశ్రాంతి పొందినవారము. మాకు తెలిసినది ఆ రేకుల లెక్కయే. అయినను ఆ లెక్కలో ఒక ధర్మసందేహ మున్నదనియు, అది మనవంటి కుటుంబములకు బొత్తిగా పరాయిది కాదనియు మాకు చాలకాలముగ తోచుచున్నది.

మొదట పని యెట్లు జరుగునో చెప్పవలెను. ఓడకు ఖరీదంతయు కొసలలో నుండును. ముందుకొస నీటిని చీల్చుటకై వంపులు తిరిగి యుండును. వెనుకకొసలో యంత్రము, చుక్కాని, నీటిని నెట్టు పంఖా, నావికుల గదులు ఉండును. నడుము మాత్రము పెట్టెవలె సూటిగా నుండును: ఒక అడుగు, రెండు ప్రక్కలు, ఒక కప్పు. కావున ఎక్కువ సరకు మోయవలె ననుకొన్న యజమాని క్రొత్త ఓడను కట్టించుటకు మాఱుగ ఉన్న ఓడ నడుమును పొడిగించుకొనును. అదే యంత్రము, అదే సిబ్బంది. సరకు మాత్రము హెచ్చు. వేగము మనము భయపడునంతగా తగ్గదు, ఏలయన ఓడ పొడవు పెరిగినకొలది దాని వేగమునకు అలలు పెట్టు హద్దు కొంచెము దూరము జరుగును. మలుపు తిరుగుట మాత్రము మందగించును.

ఫ్రాన్సు దేశపు కాలువలలో ఈ పని విరివిగా జరిగినది. 1879లో మంత్రి ఫ్రేసినే పేరిట వచ్చిన చట్టము లాకుల పొడవును 39 మీటర్లుగా స్థిరపఱచెను. అంతట 38.5 మీటర్ల పడవయే ప్రమాణమైనది. పొట్టి పడవలు గల యజమానులు వానిని కోసి ఆ కొలతకు పెంచుకొనిరి. లాకు ఎంత పొడవున్న పడవయు అంత పొడవు! యానాము సభ్యులకు ఫ్రెంచివారి చట్టముల సంగతి మాకంటె బాగుగ తెలియును గనుక దీనిని ఇంతటితో విడుచుచున్నాము.

కోయుటకు ముందు ఓడ మేనునందలి ప్రతి రేకు మందమును కొలువవలెను. పూర్వము సుత్తితో తట్టి ధ్వనిని వినెడివారు. అనుమానము కలిగినచోట రంధ్రము తొలిచి చూచెడివారు. తరువాత శబ్దతరంగములతో కొలుచు చేతిపరికరము వచ్చెను. ఆ అంకెలను నమూనా కాగితములమీదికి ఎక్కించుటయే మా ఉద్యోగములో ముఖ్యభాగము. ఒక్కొక్క ఓడకు వందలకొలది అంకెలు. ఎడమప్రక్క, కుడిప్రక్క, అడుగు, డెక్కు. కట్టిననాటి మందమెంత, నేటి మందమెంత, తఱుగు నూటికి ఎంత. అటుపిమ్మట కోత. ఒక సగమును పట్టాలమీద జాకీలతో అంగుళ మంగుళముగ జరుపుదురు. బిగువుగా లాగిన తీగతో సూటి చూతురు. ఇప్పుడు కాంతికిరణముతో చూచుచున్నారు. క్రొత్త భాగమును నిలిపి, వెల్డింగు చేసి, అతుకులలో పగుళ్లు, బొఱియలు లేవని ఎక్స్‌రే తీసి తేల్చుకొందురు. తుదకు ఓడను నీటిలో తేల్చి, లెక్కించిన బరువులను ఒక ప్రక్కనుండి మఱియొక ప్రక్కకు జరిపి ఎంత ఒరుగునో కొలుతురు. ఓడయొక్క నిలకడ అందువలన తెలియును.

ఇదంతయు చక్కగ జరిగినను ఒక చిక్కు మిగులును. ఓడ అలలమీద కావడిబద్దవలె వంగును. అల నడుమ క్రిందికి వచ్చినపుడు కొసలు వ్రేలాడును; రెండు అలలు కొసలను మోసినపుడు నడుము వ్రేలాడును. కావడిబద్ద పొడవైనకొలది వంపు ఎక్కువగునని బరువు మోసినవానికి ఒకరు చెప్పనక్కఱలేదు. ఓడకు ఈ వంచు బలము పొడవుయొక్క వర్గమును అనుసరించి, అంతకన్న కొంచె మెక్కువగనే, పెరుగును. 40 మీటర్ల ఓడను 48 మీటర్లు చేసితిమి అనుకొనుడు. పొడవు పెరిగినది నూటికి 20. వంచు బలము పెరుగునది నూటికి 44 కు తక్కువ కాదు. కావున క్రొత్త నడుమును గట్టిగా చేసిన చాలదు. డెక్కుమీదను, అడుగునను దళసరి పట్టీలను వేసి, వానిని అతుకు దాటించి పాత సగములలోనికి చాలదూరము సాగదీయవలెను. క్రొత్త రేకు దళసరిది, పాత రేకు తుప్పుతో పలుచనైనది. రెండు కలిసినచోట బిగువంతయు పలుచని దానిమీద పడును. ఒకే కాడికి కోడెను ముసలియెద్దును కట్టినచో అలసిపోవునది కోడె కాదు గదా. పగులు తఱచుగ అతుకులో రాదు. అతుకు ప్రక్కనున్న పాత రేకులో వచ్చును.

పాత ఉక్కు స్వభావమే వేఱు. 1943 జనవరి 16న అమెరికాలో పోర్టులాండు రేవున, అప్పుడే పరీక్షప్రయాణము ముగించుకొని వచ్చిన స్కెనెక్టడీ అను టీ-2 తరగతి చమురు ఓడ, గాలివాన లేని నిలకడ నీటిలో కట్టివేసియుండగనే పెద్ద చప్పుడుతో నడుమ విఱిగెను. అందఱును వెల్డింగును నిందించిరి. కేంబ్రిడ్జిలో పరిశోధన చేసిన కాన్‌స్టన్స్ టిప్పరు అను విదుషి, ఆనాటి ఉక్కు చలిలో గాజువలె పెళుసై పోవుచుండెననియు, దోషమంతయు వెల్డింగుది కాదనియు నిరూపించెను. ఆ టీ-2 ఓడలే తరువాత ఇరువదియేండ్లలో అనేకము నడుము పొడిగింపునకు వచ్చినవి. ఆ మాట ముందు చెప్పుదుము.

ఇక ప్రశ్నకు వత్తము. గ్రీకు దేశమున థీసియసు అను వీరుని ఓడను ఏథెన్సు పౌరులు స్మారకముగ నిలుపుకొని, చివికిన పలకను తీసి క్రొత్త పలకను వేయుచు వచ్చిరనియు, అది అదే ఓడయా కాదా యని తత్త్వవేత్తలు వాదులాడుకొనిరనియు ప్లూటార్కు వ్రాసెను. 1655లో ఆంగ్లేయుడగు థామస్ హాబ్స్, తీసివేసిన పలకల నన్నిటిని ఒకడు దాచియుంచి వానితో రెండవ ఓడను కూర్చినచో అసలు ఓడ యేది యని అడిగి ముడిని మఱింత బిగించెను. మన దేశమున నాగసేన భిక్షువు మిళిందుడను యవనరాజునకు రథమును చూపి, చక్రము రథమా, ఇరుసు రథమా యని యడిగి, రథమనునది వ్యవహారమునకు పెట్టుకొన్న పేరు మాత్రమే యని తేల్చెను. నైయాయికులు దీనికి ఒప్పుకొనరు. అవయవములకంటె వేఱుగా అవయవి యనునది యొకటి కలదనియు, అవయవములు మాఱినపుడు పాత అవయవి నశించి క్రొత్త అవయవి పుట్టుననియు వారి సిద్ధాంతము. వస్త్రమునుండి ఒక ముక్క చింపినచో మిగిలినది ఖండపటమను వేఱొక వస్త్రము. తర్కసంగ్రహమును రచించిన అన్నంభట్టు ఆంధ్రుడే కావున ఈ తర్కము మన యింటి సొత్తే. దాని ప్రకారము పొడిగించిన ఓడ ముమ్మాటికి క్రొత్తది. కాని అందులో ఇరువదియేండ్లు వంట చేసినవాడు రేవున దానిని చూచి “అదిగో మన ఓడ” యనును. ఆ దేవదత్తుడే యీ దేవదత్తుడని వేదాంతులు చెప్పు దృష్టాంతము వానికి తెలియదు. గుర్తించు బుద్ధి మాత్రము తెలియును.

అయితే థీసియసు ఓడకును మా డాకులోని ఓడకును ఒక భేదమున్నది. ఆ ఓడలో ఆకారము నిలిచినది, పదార్థము పోయినది. కొయ్య ఓడలకు అది సహజము; యానాము పొరుగున కోరంగిలో, 1839 నాటి తుపాను ఆ రేవును పాడుచేయుటకు ముందు, ఓడలను ఒడ్డుకు లాగి పలకలు మార్చుట పరిపాటి. మా ఓడలో పదార్థ మంతయు నిలిచినది, ఆకారము మాఱినది. పాతదేదియు పోలేదు, క్రొత్తది వచ్చి నడుమ కూర్చున్నది. పోగొట్టుకొనుటను గూర్చి పూర్వులు ఎంతో విచారించిరి గాని, పెరుగుటను గూర్చిన విచారణ లోకమున అంత ప్రసిద్ధికి రాలేదు.

రేకులు లెక్కించి ఈ ప్రశ్నను తేల్చుకొందమను వారికి రెండు సంగతులు చెప్పెదము. 1916లో డోవరు ప్రాంతమున బ్రిటిషు నౌకాదళపు నూబియను అను యుద్ధనౌక టార్పీడో వలన ముందుభాగమును పోగొట్టుకొనెను. జూలూ అనునది నీటిలోని మందుపాతర వలన వెనుకభాగమును పోగొట్టుకొనెను. చాథాము డాకులో జూలూ ముందుభాగమును నూబియను వెనుకభాగమునకు అతికిరి. వెడల్పులో మూడున్నర అంగుళముల తేడా యున్నను సరిపెట్టిరి. 1917లో సముద్రమునకు పంపుచు దానికి జూబియను అని పేరు పెట్టిరి. ఇద్దఱు తాతల పేర్లు కలిపి మనుమనికి పెట్టినట్లున్నది. రెండవది: 1952 ఫిబ్రవరి 18న అమెరికా తూర్పుతీరమున ఫోర్ట్ మెర్సరు, పెండిల్‌టను అను రెండు టీ-2 ఓడలు ఒకేనాడు ఒకే తుపానులో నడుమ విఱిగెను. ఫోర్ట్ మెర్సరు వెనుకసగము తేలుచు మిగిలినది. దానికి క్రొత్త ముందుభాగమును అతికి శాన్ జసింటో అను పేరుతో నడిపిరి. 1964లో అదియు రెండైనది. ఫోర్ట్ మెర్సరు ఏది? మునిగినదా, మిగిలినదా? యంత్రమున్న సగమునే ఓడ యని వ్యాపారి యనును. ముందుసగములో ప్రాణములు విడిచినవారి భార్యలు అట్లు అనరు.

మాకు తోచినంతవరకు ఈ ప్రశ్నకు రేకులలో సమాధానము దొరకదు. ప్రశ్న అడుగువాడెవడు, ఏ లాభమునకై అడుగుచున్నాడు అని చూడవలెను. దీనికి గ్రీకువారిదే మఱియొక కథ కలదు. క్రీస్తుపూర్వము సిసిలీ ద్వీపమున ఎపికార్మసు అను హాస్యనాటకకర్త యుండెను. ఆయన నాటకములో ఒక ఋణగ్రస్తుడు అప్పులవానితో, కుప్పకు ఒక రాయి కలిపినచో అది వేఱొక కుప్ప యగునట్లు, మనిషియు దినదినము పెరుగుచు మాఱుచుండును గనుక అప్పు తీసుకొన్నవాడు తాను కాదని వాదించును. అప్పులవాడు వానిని కొట్టును. వాడు మొఱపెట్టగా, కొట్టినవాడు నేను కాను, అప్పటినుండి నేనును మాఱితిని అని బదులు చెప్పును. పెరుగుదలను గూర్చిన ఈ తత్త్వవిచారము పుట్టినదే అప్పు ఎగవేయుటకై యని ఆ నాటకకర్త కనిపెట్టెను. తత్త్వవేత్తలకంటె ఆయనయే మా దస్త్రముల గదికి దగ్గఱివాడు.

ఏలయన అట్టి దానిని మేము చూచితిమి. 1991లో తీరము వెంబడి సరకు మోయు ఒక ఉక్కు బార్జి మా డాకునకు వచ్చెను. కట్టినది 1958లో. యజమాని దానిని 8 మీటర్లు పొడిగింపుమనెను. కొలతలలో ముందుసగపు అడుగురేకులు కొన్ని, కట్టిననాడు 10 మిల్లీమీటర్లు ఉన్నవి, ఆరున్నరకు దిగియుండెను. వానిని మార్చవలెనని సర్వేయరు వ్రాసెను. యజమాని మనిషి వచ్చి ఒక లెక్క చూపెను. క్రొత్త నడుమునందలి రేకులు నిండు 10 మిల్లీమీటర్లు, వెనుకసగము ఎనిమిదిన్నర, ముందుసగమునందును అన్నియు అంత పలుచన కావు, మొత్తము కూడి భాగించినచో ఓడయొక్క సగటు మందము ఎనిమిదిన్నరకు పైగానే యున్నది, ఆ సగటుతో నియమము నెఱవేఱినది. లెక్కలో తప్పు లేదు. మేమే కూడి చూచితిమి. అప్పుడచ్చట నిలిచియున్న ఆ బార్జి సారంగు, రత్నగిరి వైపు ముసలివాడు, బొంబాయి హిందీలో ఒక మాట యనెను. తెలుగులో చెప్పవలెనన్న ఇట్లుండును: “నీళ్లు సగటు చూసి రావండీ, పలచన చూసి వస్తాయి.”

అంతకంటె చిత్రమైనది ఉత్తరముల సంగతి. ఒకే వారములో ఆ యజమానినుండి రెండు జాబుల నకళ్లు మా కార్యాలయమునకు వచ్చెను. బీమావారికి వ్రాసిన జాబులో ఆ బార్జి 1991లో పునర్నిర్మిత మగుచున్నదనియు, క్రొత్త ఓడవలె భావింపవలసినదనియు నుండెను. అగ్నినివారణ సామగ్రిని గూర్చియు, ప్రాణరక్షణ సామగ్రిని గూర్చియు వ్రాసిన రెండవ జాబులో, అది 1958 నాటి ఓడ యగుటచే క్రొత్త నియమములు దానికి వర్తింపవని యుండెను. గుమాస్తాకు అభిప్రాయములు ఉండరాదు. మేము రెండు జాబులను తేదీల క్రమమున ఒకే దస్త్రములో ఒకదానిక్రింద ఒకటి గ్రుచ్చితిమి. సర్వేయరు దస్త్రము త్రిప్పి రెండిటిని ఒకే కూర్చుండుటలో చదివెను. పదునాలుగు రేకులు మారెను; క్రొత్త ప్రాణరక్షక తెప్పలు వచ్చెను. యజమాని మనిషి మాతో మఱల మాటలాడలేదు.

ఆ రెండు జాబులలో ఏదియు శుద్ధాబద్ధము కాదని మా అభిప్రాయము. ఓడ పాతదే, క్రొత్తదే. అధర్మ మెచ్చట నున్నదనగా, లాభము వచ్చినచోట క్రొత్తదియు, బాధ్యత వచ్చినచోట పాతదియు అగుటలో నున్నది. పొడిగించినవాడు రెండు వయస్సుల బాకీలను మోయవలెను. పాత రేకుయొక్క తుప్పునకు బదులు చెప్పవలెను, క్రొత్త కాలపు నియమమునకును బదులు చెప్పవలెను. సముద్రమును కలుషితము చేయరాదని 1973లో కుదిరి 1978లో సవరింపబడిన అంతర్జాతీయ ఒడంబడిక దీనిని చక్కగ గ్రహించినది. ఓడయొక్క కొలతలనో, మోయు శక్తినో గణనీయముగ మార్చినచో, లేక చేసిన పనియొక్క ఉద్దేశ్యము దాని ఆయువును బాగుగ పెంచుటయే యని ప్రభుత్వము తలచినచో, అది పెద్ద మార్పు; అట్టి ఓడ పాతదను మినహాయింపును కోరజాలదు. చట్టము ఎన్ని రేకులు మారినవని అడుగక ఉద్దేశ్యమును కూడ అడిగినది. న్యాయవాదులు వ్రాసిన వాక్యములో ఇంత వేదాంతము దొరకుట అరుదు.

చట్టము పుస్తకములో నుండుట వేఱు, డెక్కుమీద నుండుట వేఱు. 1944లో పెన్సిల్వేనియా రాష్ట్రపు చెస్టరులో యుద్ధావసరమునకై మస్‌గ్రోవ్ మిల్స్ అను టీ-2 చమురు ఓడను కట్టిరి. యుద్ధము ముగిసిన తరువాత అది చేతులు మారినది. 1962లో దాని పాత ముందుకొసకును వెనుకకొసకును నడుమ, జర్మనీలో తయారుచేయించిన 360 అడుగుల క్రొత్త నడుమును అతికిరి. చమురు ఓడ బొగ్గు ఓడ యయ్యెను. పొడవు 605 అడుగులు. పేరు మెరైన్ ఎలక్ట్రిక్. అట్లు ఇరువదియొక్క యేండ్లు నడిచెను. 1983 ఫిబ్రవరిలో నార్‌ఫోకు రేవున సుమారు 24,800 టన్నుల బొగ్గును నింపుకొని ఉత్తరమునకు బయలుదేరి తుపానులో చిక్కెను. దారిలో ఒక చేపలపడవ ఆపదలో నున్నదని తెలిసి దానికి తోడుగ వెనుదిరిగెను. ఆ చేపలపడవ బ్రతికినది. 12వ తేదీ తెల్లవాఱకముందే మెరైన్ ఎలక్ట్రిక్ ముందుభాగము నీటిలో క్రుంగి, ఓడ ఒరిగి మునిగెను. అందున్నవారు 34 మంది. నీటి చలికి, తుపానుకు చచ్చినవారు 31 మంది.

ఇచ్చట పాఠకులు అతుకు విఱిగినదని అనుకొందురు. అతుకు విఱుగలేదు. విచారణసంఘము తేల్చినదేమనగా, సరకుగదుల ఉక్కుమూతలు తుప్పుతో చిల్లులు పడి, బలము చెడి యున్నవి. డెక్కురేకులును కొన్నిచోట్ల అట్లే యున్నవి. నీరు అటునుండి దిగినది. ఆ మూతలు 1944 నాటివి కావు. క్రొత్త నడుముమీదివే. క్రొత్త నడుమునకు ఇరువదియొక్క యేండ్లు నిండినవని ఎవరును గమనింపలేదు. ఓడ పాతదని తెలిసినవారు కొసలను చూచిరి. నడుము ఎప్పుడో ఒకప్పటి క్రొత్తదనముతోనే వారి మనస్సులలో నిలిచిపోయెను. తనిఖీ పత్రములు మాత్రము సక్రమముగ నుండెను. పరీక్షింపని మూతలు పరీక్షింపబడినట్లు కాగితము చెప్పుచుండెను. కాగితపు పని చేసినవారము గనుక ఈ భాగము చదివినపుడు మాకు కలిగిన బాధ వేఱు. ఒక్కొక్క అంకెకు వెనుక ఎవడో ఒకడు సుత్తి పట్టుకొని తట్టవలసి యుండును. ఆ తరువాత అమెరికాలో యుద్ధకాలపు పాత ఓడలు అనేకము తుక్కునకు పోయెను. చలినీటిలో ప్రాణము నిలుపు దుస్తులు తప్పనిసరి యయ్యెను. తీరరక్షకదళము హెలికాప్టరునుండి నీటిలోనికి దుముకు ఈతగాండ్రను తయారుచేసెను.

ఇక మన సంగతి. మా తాతగారు పాలమూరు జిల్లానుండి రాళ్లపనికి బొంబాయి వచ్చిరి. ఈ సంచికను చదువువారిలో షోలాపురపు మగ్గములకు వచ్చినవారి సంతతి కలరు. హోసూరులోను, బరంపురములోను తాము కదలకయే సరిహద్దు గీత తమ్ము దాటిపోగా మిగిలినవారును కలరు. అందఱమును నడుము పొడిగించుకొన్నవారమే. నడుమ చేరిన భాగము మరాఠీదో, తమిళముదో, ఒరియాదో, కన్నడముదో. దానిని కోసి తీసివేయుట యనునది లేదు. తీసినచో రెండు సగములును మునుగును. ఇందులో సిగ్గుపడవలసినది మాకు కనుపింపదు. కాని రెండు జాబుల వ్యవహారము మనలోను కలదు. ఉద్యోగమునకు పోయినపుడు మూడు తరములుగ ఇచ్చటివారము; సంబంధము చూచునపుడు అచ్చ తెలుగువారము. ఇవి రెండును నిజమే, రెండును చెప్పుకొనవచ్చును. పేటలో నీటిగొట్టముల సంఘమునకు రమ్మన్నచో “మేము పరాయివారము, మాకెందుకు” అనుటయు, పిల్లలకు ఆదివారము తెలుగు అక్షరములు నేర్పుటకు చందా అడిగినచో “మేము ఇప్పుడు ఇచ్చటివారమై పోతిమి గదా” అనుటయు మాత్రము, ఎపికార్మసు నాటకములోని ఋణగ్రస్తుని మాటలే. ఒకే మనిషి ఒకే వారములో రెండును అనగా విన్నాము. సంఘపు చందాపుస్తకము మా చేతిలో నున్నది గనుక తేదీలతో చెప్పగలము, చెప్పము.

మెరైన్ ఎలక్ట్రిక్ మూతలను తలచుకొన్నపుడు మఱొకటి తోచును. మనము ఎల్లప్పుడు పాత కొసలను గూర్చియే దిగులుపడుదుము: తెలుగు పోవుచున్నది, ఆచారము పోవుచున్నది అని. ఇచ్చట చేరిన భాగమును నిన్ననే అతికినట్లు తలచి, దానిని ఎవరును తట్టి చూడరు. దానికిని నూఱేండ్లు దాటినవి. మా తాతగారు కట్టిన చాలు గోడలు, ఆ చాలులో మరాఠీ పొరుగువారితో మాకున్న అక్కఱలు, ఒకరి చావునకు ఒకరు పోవు అలవాటు, ఇవియు తుప్పుపట్టగలవు. జనాభాలెక్కల పత్రములో మాతృభాషకు ఒక గడియు, తెలిసిన ఇతరభాషలకు రెండు గళ్లును ఉండును. లెక్కలు వ్రాయ వచ్చినవారికి మొదటి గడి చెప్పి మిగిలిన వానికి “ఏదో ఒకటి వ్రాసికొనుడు” అను పెద్దలను చూచితిమి. మూడు గళ్లును నింపించుట మేలని వారికి చెప్పుచుందుము. గుమాస్తాబుద్ధి యని నవ్వుదురు.

ఓడ ప్రక్కన నీటిమట్టము దగ్గఱ ఒక వలయమును, దానిగుండ అడ్డముగ పోవు గీతను చాలమంది చూచియే యుందురు. ఓడను ఆ గీత మునుగునంతవఱకే నింపవలెను. శామ్యూలు ప్లిమ్‌సాలు పట్టుదలచే 1876 నాటి బ్రిటిషు చట్టములో చేరి, తరువాత అన్ని దేశములకును వ్యాపించినది. ఆ గుర్తు ఓడ పొడవునకు సరిగా నడుమ నుండవలెను. నడుము పొడిగించినపుడు ఆ నడిమిచోటు జరుగును గనుక పాత గుర్తు చెల్లదు. దానిని రెండు ప్రక్కలను గీకి, అరగదీసి, రంగు వేయుదురు. బలమును, నిలకడను మఱల లెక్కించి, క్రొత్త గుర్తును తఱచుగ క్రొత్త రేకుమీదనే పడునట్లు కొలిచి, ఉక్కులో పొడిపించి తెల్లరంగు పూయుదురు. పాత కొసలు ఎంత బరువును తాళగలవో క్రొత్త రేకుమీద వ్రాసియుండును. మా డాకులో ఆ పనిని ఒక వృద్ధ మేస్త్రి చేసెడివాడు. పాత గుర్తు నెంత అరగదీసినను, సాయంకాలపు ఎండ ఏటవాలుగ పడినపుడు, రంగు క్రింద ఆ వలయము కనబడుచునే యుండెను. సర్వేయరు దానికి అభ్యంతరము చెప్పలేదు. రెండు గుర్తులలో ఏది చెల్లునో పుస్తకములో తేదీతో వ్రాయుమని మాత్రము మాతో చెప్పెడివాడు.